తెల్లవారుజామున హోరెత్తే ఫ్యాను, మిట్టమధ్యాహ్నం కిక్కురుమనదు

లెక్కలమ్మ, నరసరావుపేట:

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతి పిల్లల కోసం పొద్దున్నే పాఠాలు రికార్డు చేసి వాళ్ల గ్రూపులో పెడుతుంటాను. ఇంట్లో వాళ్లు లేచేలోపు, అంటే నాలుగున్నర నుంచి ఆరింటి దాకా, నాకు దొరికే టైము అదొక్కటే. నా కష్టం కూడా సరిగ్గా ఆ టైములోనే.

సిస్టమ్ ఆన్ చేయగానే కేబినెట్‌లో ఫ్యాను హోరుమని అందుకుంటుంది. పిండిమర పక్కన కూర్చుని పాఠం చెబుతున్నట్టు ఉంటుంది. మైకు దాన్ని చక్కగా పట్టేస్తుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే ఫిల్టర్ పెట్టి చూశాను. హోరుతో పాటు నా 'స' కూడా మింగేసింది. త్రికోణమితి పాఠంలో 'సైన్ తీటా' కాస్తా 'ఐన్ తీటా' అయింది. పిల్లలు క్లాసులో అలాగే పిలవడం మొదలుపెట్టారు.

వింత ఏమిటంటే మధ్యాహ్నం ఇదే సిస్టమ్ చప్పుడు చేయదు. రెంటచింతల ఉన్న జిల్లా మాది, మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నమ్మరేమో అని నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. తెల్లవారుజామున 4:50కి గది 29 డిగ్రీలు, ప్రాసెసర్ 38 డిగ్రీలు, ఫ్యాను హోరు. మధ్యాహ్నం 3:10కి గది 39, వీడియో ఎడిటింగ్ నడుస్తుండగా ప్రాసెసర్ 71, ఫ్యాను గుసగుస. వేడికీ ఫ్యాను వేగానికీ అనులోమానుపాతం ఉంటుందని కదా చదువుకున్నాం. మా ఇంట్లో విలోమానుపాతం.

సిస్టమ్ వివరాలు: ఇంటెల్ ఐ5-8400, బీ360 బోర్డు, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 2018లో కొన్నది. ఫ్యాన్లు మూడు. ప్రాసెసర్ మీద ఒకటి, ముందొకటి, వెనకొకటి.

ఇప్పటిదాకా నేను చేసినవి చెబుతాను, మళ్లీ అవే చెప్పకండి. దుమ్ము దులిపించాను. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్పించాను. ప్రాసెసర్ ఫ్యానే అరుస్తోందనుకుని 1,850 రూపాయలు పెట్టి కొత్త కూలర్ కూడా వేయించాను. ఏ మార్పూ లేదు. చివరికి ఇంజినీరింగ్ చదువుతున్న మా పాత విద్యార్థి ఒకడు ఫోన్లో చెబుతుంటే బయోస్‌లోకి, అంటే సిస్టమ్ పూర్తిగా లేవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాను. ప్రాసెసర్ ఫ్యానుకి సైలెంట్, ఛాసిస్ (కేబినెట్) ఫ్యాను 1 అన్న చోట పీడబ్ల్యూఎం తీసేసి డీసీ. ఎందుకో నాకు తెలీదు, మంత్రంలా రాసుకున్నాను. అలా పెడితే ఆ రోజంతా బంగారం. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా మాట వింటుంది. మర్నాడు పొద్దున మళ్లీ పిండిమర. బయోస్ తెరిస్తే నేను పెట్టినవేవీ ఉండవు. ఎఫ్10 నొక్కి సేవ్ చేస్తున్నాను, 'యెస్' కూడా నొక్కుతున్నాను. సందేహం వద్దు.

సంక్రాంతి తర్వాత మొదలైంది ఈ గొడవ. ఇక్కడ షాపులో అడిగితే "బయోస్ చిప్ పోయినట్టుంది, బోర్డు మార్చాలి, 6,500 అవుతుంది" అన్నారు. ఇంత పాత సిస్టమ్‌కి అంత పెట్టాలా? దీనికి వేరే దారి ఏమైనా ఉందా?


సికింద్రాబాద్ బిల్డర్:

మేడమ్, ముందు బోర్డు మాత్రం మార్చకండి. నేను చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి తిరిగి సొంతంగా నాలుగు సిస్టమ్‌లు బిగించుకున్నా, ఆ అనుభవంతో చెబుతున్నా.

కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం ఒకటి అంటించి ఉంటుంది. అది పీకకుండా బిగించేవాళ్లు చాలామంది. అది ఉంటే వేడి కూలర్‌కి ఎక్కదు, ఫ్యాను గొంతు చించుకుంటుంది. ఒకసారి విప్పి చూడండి. పేస్టు బఠాణీ గింజంత చాలు, దోసె మీద వెన్నలా పూయక్కర్లేదు. ఇంటెల్ తరహా నొక్కుడు పిన్నుల కూలర్ అయితే నాలుగు మూలలా 'టక్' మని పడ్డాయో లేదో వెనక నుంచి చూడండి. ఎదురెదురు మూలలు ఒక జత, తర్వాత ఇంకో జత నొక్కాలి. ఒక్కటి లూజుగా ఉన్నా కూలర్ ఓ పక్కకి వాలిపోతుంది.

ఇంకో మాట. దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ గాలికి ఫ్యాను గిర్రున తిరగకుండా రెక్కని వేలితో పట్టుకోవాలి. లేకపోతే బేరింగ్ పాడై, తర్వాత అదే హోరు పెడుతుంది. మీకు అదే జరిగిందేమో.

ఇవేవీ కాకపోతే బయోస్ అప్‌డేట్ చేయండి.


హనుమకొండ సర్వీసు:

తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ ఈ కేసుకి అతకదు. టీచర్ గారు నంబర్లు ఇచ్చారు కదా. పొద్దున ప్రాసెసర్ 38 డిగ్రీలే ఉంటే పేస్టు ఏం చేస్తుంది, ప్లాస్టిక్ కాగితం ఏం చేస్తుంది? వేడి లేదు, అయినా ఫ్యాను తిరుగుతోంది. అంటే దాన్ని తిప్పుతున్నది వేడి కాదు, సెట్టింగ్. బేరింగ్ పోయిన ఫ్యాను కూడా పొద్దునా మధ్యాహ్నం ఒకలాగే అరుస్తుంది, టైము చూసుకుని అరవదు. ఇక బయోస్ అప్‌డేట్ సంగతి: నడిమధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే బోర్డు మార్చాల్సి వస్తుంది. ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

నేను ఇరవై రెండేళ్లుగా సిస్టమ్ సర్వీసు చేస్తున్నా. టీచర్ గారూ, కొన్ని అడుగుతా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాత్రి షట్‌డౌన్ చేసి వదిలేస్తారా, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపుతారా? పొద్దున ఆన్ చేయగానే స్క్రీన్ మీద ఏదైనా మెసేజ్ వస్తుందా, ఏదైనా కీ నొక్కాల్సి వస్తుందా? ఆ టైములో తేదీ ఎంత చూపిస్తుంది? అరిచేది ఏ ఫ్యానో మీరు చూశారా, లేక అనుకున్నారా? బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో ఒక్కో ఫ్యాను ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, విడివిడిగా ఉంటుంది, రేపు పొద్దున ఏమీ మార్చకముందే అది రాసుకోండి. ఆఖరిది, సంక్రాంతికి అటూ ఇటూ కేబినెట్ తెరిచి ఏదైనా మార్చారా?


లెక్కలమ్మ, నరసరావుపేట:

సర్, మీ ప్రశ్నలు చదువుతుంటే నాకే పరీక్ష పెట్టినట్టుంది. వరసగా రాస్తున్నాను.

గోడ స్విచ్ ఆపుతారు. నేను కాదు, మా మామగారు. రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి ప్రతి స్విచ్చూ ఆపి, గ్యాస్ రెండుసార్లు చూసి గానీ మంచం ఎక్కరు. రౌటర్ కూడా ఆపేస్తారు. ఫ్రిజ్ ఒక్కదాన్ని వదిలారంటే అది అత్తయ్యగారి పుణ్యం.

మెసేజ్ వస్తుంది. ఇది మొదట రాయలేదు, ఎందుకంటే నా లెక్కలో అది సమస్యే కాదు. నల్ల స్క్రీన్ మీద నాలుగు లైన్లు వస్తాయి, ఎఫ్2 నొక్కితే సిస్టమ్ వచ్చేస్తుంది. నెలల నుంచి నొక్కుతున్నాను. ఈ రోజు మీరు అడిగారని మొదటిసారి చదివాను. సెటప్‌లోకి వెళ్లాలంటే ఎఫ్1, డిఫాల్ట్ విలువలు వేసుకుని ముందుకు వెళ్లాలంటే ఎఫ్2 అని ఉంది. అంటే రోజూ పొద్దున్నే నా సెట్టింగులన్నీ నా చేత్తోనే తుడిచేస్తున్నానన్నమాట. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే పిల్లల్ని ఎన్నిసార్లు నిలబెట్టానో లెక్కలేదు. ఈ సంగతి మా స్కూల్లో ఎవరికీ చెప్పకండి.

తేదీ 2018 జనవరి 1 చూపిస్తోంది. అప్పుడు ఇంకో ముడి విడిపోయింది. నా రికార్డింగ్ ఫైళ్ల పేర్లన్నీ 2018 జనవరి 1తో ఉంటాయి, అదేదో సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని ఒక్కొక్కటీ పేరు మార్చుకుంటూ వచ్చాను. తర్వాత రౌటర్ వేశాక బ్రౌజర్ ఏ సైటూ తెరవనంటుంది, గడియారం తప్పు అంటుంది. టైము దిద్దితే తెరుచుకుంటుంది. దాన్ని ఇంటర్నెట్ వాళ్ల ఖాతాలో వేశాను.

ఆర్‌పీఎం ఈ పొద్దున చూసి రాసినది: ప్రాసెసర్ ఫ్యాను 940, ముందు ఫ్యాను 780, వెనక ఫ్యాను 2,060. ప్రాసెసర్ ఫ్యాను పాపం ఏ పాపమూ ఎరగదు. 1,850 రూపాయలు దాని మీద ఎందుకు పెట్టానో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

సంక్రాంతికి మార్చింది ఆ వెనక ఫ్యానే. పాతది గరగర మంటోందని పండక్కి వచ్చిన మా మరిది బజారుకి తీసుకెళ్లి మార్పించుకొచ్చాడు. తెచ్చిన రోజే తేడా తెలియాలి కదా, తెలియలేదు. ఆ నాలుగు రోజులూ పిల్లలు పగలంతా ఆ కంప్యూటర్లో బొమ్మలు చూస్తూ గోల, ఎవరికి వినపడుతుంది.


హనుమకొండ సర్వీసు:

దొరికింది. మీ బోర్డుకి ఏం కాలేదు. రెండు చిన్న జబ్బులు కలిశాయి. ఒక్కొక్కటీ విడిగా అయితే మీకు తెలిసేదే కాదు.

మొదటిది బ్యాటరీ. బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది, సెట్టింగుల్ని కాపాడేది అదే. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, సిస్టమ్ షట్‌డౌన్ చేసి ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు సన్నగా వస్తూనే ఉంటుంది. అప్పుడు సెల్ మీద భారం ఉండదు. స్విచ్ ఆపితే మొత్తం భారం దాని మీదే. మీ మామగారు ఇన్నేళ్లుగా రోజూ రాత్రి ఆపుతున్నారు కాబట్టి అది కాస్త ముందే అలిసిపోయింది. తప్పు ఆయనది కాదు లెండి, పిడుగుల కాలంలో స్విచ్ ఆపడమే మంచిది. మా షాపుకి వర్షాకాలం వచ్చే కాలిపోయిన పవర్ సప్లైలు చూస్తే మీరూ ఆపుతారు. పగలు రీస్టార్ట్ చేస్తే సెట్టింగులు ఎందుకు ఉంటున్నాయో, తెల్లవారేసరికి ఎందుకు పోతున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా.

రెండోది ఆ వెనక ఫ్యాను. దాని వైరు చివర చూడండి, మూడే రంధ్రాలు ఉంటాయని నా నమ్మకం. మూడు పిన్నుల ఫ్యానులో ఒక వైరు గ్రౌండు, ఒకటి 12 వోల్టులు, మూడోది వేగం ఎంతో బోర్డుకి చెప్పేది. నాలుగు పిన్నుల దాంట్లో నాలుగో వైరు మీద బోర్డు నుంచి 'ఇంత వేగంతో తిరుగు' అని ఆజ్ఞ వస్తుంది, అదే పీడబ్ల్యూఎం. బోర్డు పీడబ్ల్యూఎంలో ఉన్నప్పుడు 12 వోల్టులు పూర్తిగా ఇచ్చేసి, వేగం సంగతి నాలుగో వైరుకి వదిలేస్తుంది. ఆ వైరే లేని ఫ్యానుకి ఆజ్ఞ వినపడదు, ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. డీసీ పెడితే బోర్డు వోల్టేజీనే తగ్గిస్తుంది, అప్పుడు మూడు పిన్నులదీ దారికొస్తుంది. మీ విద్యార్థి చెప్పిన మంత్రం అదే, కుర్రాడికి పని తెలుసు. మీ బోర్డులో ఆ హెడర్‌కి, అంటే ఫ్యాను వైరు గుచ్చే చోటుకి, డిఫాల్ట్ పీడబ్ల్యూఎం ఉన్నట్టుంది. సెల్ పోయి డిఫాల్ట్‌కి వచ్చిన ప్రతి పొద్దునా ఫ్యాను విజృంభిస్తుంది.

పాత ఫ్యాను నాలుగు పిన్నులది అయి ఉంటుంది. అందుకే సెల్ అంతకుముందే నీరసించినా మీకు చప్పుడు రూపంలో తెలియలేదు.

చేయాల్సింది ఇది. గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. కేబినెట్ ఇనుప చట్రాన్ని ఓసారి చేత్తో ముట్టుకోండి. సెల్ పక్కన చిన్న క్లిప్పు ఉంటుంది, గోరుతో పక్కకి లాగితే సెల్ పైకి లేస్తుంది. స్క్రూ డ్రైవరుతో పొడవకండి, జారితే కింద ఉన్న సన్నటి గీతలు తెగుతాయి. కొత్త సెల్ ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టండి. పెట్టాక తేదీ, టైము, మీ ఫ్యాను మంత్రం చివరిసారిగా ఒకసారి. సిస్టమ్ ఏ డిస్కు నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ ఆర్డర్ కూడా ఓ చూపు చూడండి.


లెక్కలమ్మ, నరసరావుపేట:

చేశాను. నేనే చేశాను, షాపుకి వెళ్లలేదు.

సెల్ తీసి మా స్కూల్ ఫిజిక్స్ ల్యాబ్ మల్టీమీటర్‌తో చూశాను. పాతది 2.41 వోల్టులు. కొత్తది 3.21. వాచీలు బాగుచేసే కొట్లో నలభై రూపాయలు తీసుకున్నారు. కొట్టాయన సీఆర్2032 అనగానే 'కారు తాళానికా?' అని అడిగాడు. ఇంకో సంగతి, 2032 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అట. స్థూపం ఘనపరిమాణం లెక్కకి ఇంతకంటే మంచి వస్తువు ఏముంటుంది. పాత సెల్ పారేయలేదు, క్లాసుకి పట్టుకెళ్తాను.

నిన్న రాత్రి మామగారు యథావిధిగా అన్నీ ఆపారు. ఈ పొద్దున 4:40కి ఆన్ చేశాను. నల్ల స్క్రీన్ రాలేదు, తేదీ సరిగ్గా ఉంది, వెనక ఫ్యాను 1,240. వేలు ఎఫ్2 మీదకి దానంతటదే వెళ్లింది, అది వేరే సంగతి.

మీరు చెప్పినట్టు వైరు చివర మూడే రంధ్రాలు. మరిది ముందు ఈ మాట ఎలా ఎత్తాలో తెలియడం లేదు. ఇప్పుడు నాలుగు పిన్నుల ఫ్యాను కొనాలా, దీంతోనే నెట్టుకురావచ్చా? ఇంకా సన్నటి హోరు ఒకటి మైకులో వినిపిస్తూనే ఉంది, మునుపటితో పోలిస్తే ఏమీ కాదు గానీ.


శబ్దం సున్నా, బెంగళూరు:

నేను ఇంట్లోనే వాయిస్ రికార్డింగులు చేస్తుంటాను, కాబట్టి ఈ భాగం నాకు వదిలేయండి. టీచర్ గారు లెక్కలవారు కాబట్టి ధైర్యంగా లెక్కల్లోనే చెబుతాను.

ఒకే ఫ్యాను వేగం మారితే చప్పుడు ఎంత మారుతుందో చెప్పే ఉజ్జాయింపు సూత్రం ఉంది: రెండు వేగాల నిష్పత్తికి సంవర్గమానం తీసి 50తో గుణిస్తే డెసిబెల్స్ వస్తాయి. వేగం సగమైతే దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. మీది 2,060 నుంచి 1,240కి వచ్చింది, అంటే 0.6 రెట్లు. 11 డెసిబెల్స్ దాకా తగ్గినట్టు. గాలి మాత్రం వేగానికి అనులోమంగానే తగ్గుతుంది, అంటే ఇంకా 60 శాతం గాలి వస్తూనే ఉంది. ఈ బేరం ఎప్పుడూ లాభమే. అందుకే ఒక ఫ్యాను గట్టిగా తిప్పడం కన్నా రెండు మెల్లగా తిప్పడం మేలు అంటారు.

ఫ్యాను మార్చక్కర్లేదు. డీసీలో మూడు పిన్నులది హాయిగా పనిచేస్తుంది. ఒకటే జాగ్రత్త, మరీ తగ్గించకండి. 12 వోల్టుల ఫ్యానుకి 4, 5 వోల్టులే ఇస్తే కొన్ని కదలవు, కొన్ని ఆగి ఆగి తిరుగుతాయి. 50 శాతం దగ్గర మొదలుపెట్టి, సిస్టమ్ పూర్తిగా ఆపి ఆన్ చేసి, తనంతట తాను కదిలిందో లేదో చూసుకోండి. తిరుగుతున్న ఫ్యాను తక్కువ వోల్టేజీలోనూ తిరుగుతూనే ఉంటుంది, ఆగి ఉన్నది మొదలవడానికే ఎక్కువ కావాలి. నేనైతే 55 డిగ్రీల దాకా 50 శాతం, 70 దగ్గర 75 శాతం, 80 దాటితే ఫుల్ అని పెడతాను. మీ ప్రాసెసర్ 100 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారైంది కాబట్టి 71 చూసి టెన్షన్ పడక్కర్లేదు.

బయోస్‌లో స్టెప్ అప్ టైమ్ అనో, స్మూతింగ్ అనో ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. దాన్ని నాలుగైదు సెకన్లకి పెంచండి. బ్రౌజర్ తెరవగానే ప్రాసెసర్ ఒక్క క్షణం పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది, దానికి తగ్గట్టు ఫ్యాను కూడా ఉయ్యాల ఊగుతుంది. మైకుకి స్థిరమైన సన్నటి హోరు కన్నా ఈ ఊగడమే ఎక్కువ చెరుపు. స్థిరమైన హోరుని ఫిల్టర్ మీ 'స' ముట్టుకోకుండా తీసేయగలదు.

మైకు ఎంత దూరంలో ఉంది? కేబినెట్ బల్ల మీద ఉంటే కిందకి దించండి, బల్ల చెక్కే సగం చప్పుడు మోసుకొస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలోకి తెచ్చి గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించండి. ఫ్యాన్లతో చేసే తంటాలన్నిటికన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.


హనుమకొండ సర్వీసు:

టీచర్ గారూ, ఒక అనుమానం మిగిలింది. మూడు పిన్నుల ఫ్యాను చూసుకోకుండా వేసినవాళ్లు దాన్ని ఏ వైపు తిప్పి బిగించారో? వెనక ఫ్యాను గాలిని బయటికి తోయాలి, ముందుది లోపలికి లాగాలి. ఫ్యాను చట్రానికి ఒక వైపు మోటారుని పట్టుకున్న కడ్డీలు, మధ్యలో స్టిక్కరు ఉంటాయి. గాలి అటువైపు నుంచే బయటికి వస్తుంది. కేబినెట్ వెనక నుంచి చూస్తే మీకు ఆ కడ్డీలు కనపడాలి. రెక్కలు కనిపిస్తే తిరగేసినట్టు.

అనుమానంగా ఉంటే సిస్టమ్ నడుస్తుండగా వెనక జానెడు దూరంలో అగరుబత్తి పట్టుకోండి. బూడిద లోపల పడనీయకండి. పొగ మీ వైపు వస్తే సరే, లోపలికి పోతే తప్పు.


లెక్కలమ్మ, నరసరావుపేట:

పొగ లోపలికి పోయింది.

మరిదికి ఫోన్ చేసి ఇక మొహమాటం లేకుండా చెప్పేశాను. 'వదినా, షాపతను బిగిస్తుంటే నేను టీ తాగుతున్నా' అన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి బిగించాను. ముందు ఫ్యాను లోపలికి లాగుతోంది, వెనకది కూడా లోపలికే తోస్తోంది, అలాంటప్పుడు వేడి గాలి పోవడానికి పైనున్న జల్లెడ ఒక్కటే దారి. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. ఈ మధ్యాహ్నం గది 39లోనే ఉంది, అదే వీడియో పని పెట్టి చూశాను, 71 కాస్తా 66 అయింది. వెనక ఫ్యానుని 50 శాతానికి దించాను, 1,030 చూపిస్తోంది, ఆపి ఆన్ చేస్తే తనే కదులుతోంది. కేబినెట్ బల్ల కింద పీట మీదకి చేరింది.

ఈ పొద్దున సైన్ తీటా పాఠం మళ్లీ రికార్డు చేశాను. 'స' నిలబడింది. ఫ్యాను పోయాక గుడి మైకులో సుప్రభాతం వినపడుతోంది, ఇన్నాళ్లూ హోరులో మునిగిపోయిందది. అయిదింటికి మొదలవుతుంది, నేను నాలుగుంపావుకి లేస్తే సరిపోతుంది.

బోర్డు మార్చమన్న షాపుకి వెళ్లి చెప్పాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తోంది.


కొత్తగా చేరాను, కాకినాడ:

ఈ థ్రెడ్ చదివి నేనూ 40 రూపాయలు పెట్టి సెల్ మార్చాను. నాకూ ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ వచ్చి ఎఫ్1 నొక్కమంటుంది. సెల్ మార్చినా పోలేదు. నా తేదీ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఫ్యాన్లు కూడా మూడూ తిరుగుతున్నాయి. టీచర్ గారిలా నేనూ మెసేజ్ చదివాను: సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఉంది.


హనుమకొండ సర్వీసు:

తేదీ సరిగ్గా ఉంటే మీది సెల్ జబ్బు కాదు బాబూ. కొత్త సెల్ ఎలాగూ వేశారు, ఉండనీయండి.

సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అంటే బోర్డు తన సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్ వైపు చూసింది, అక్కడ ఫ్యాను తిరుగుతున్న సంకేతం కనపడలేదు, లేదా మరీ తక్కువగా కనపడింది. ముందు కూలర్ వైరు ఆ హెడర్‌కే ఉందో, పక్కన ఛాసిస్ ఫ్యాను హెడర్‌కి పెట్టారో చూడండి. దుమ్ము దులిపి తిరిగి పెట్టేటప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది. ఒక హెడర్ నుంచి రెండు ఫ్యాన్లకి వై వైరు వేసుంటే, దాని రెండు కొసల్లో ఒకదానికే వేగం చెప్పే పిన్ను ఉంటుంది. ప్రాసెసర్ ఫ్యాను ఆ కొసకే ఉండాలి.

రెండూ సరిగ్గా ఉంటే బయోస్‌లో ఫ్యాను కనీస వేగం హద్దు చూడండి. కొన్ని బోర్డుల్లో అది 600 ఉంటుంది. పెద్ద కూలర్ ఫ్యాను చల్లగా ఉన్నప్పుడు 450, 500లోనే తిరుగుతుంది, బోర్డు అది ఆగిపోయిందనుకుంటుంది. హద్దుని 200కో 300కో దించండి. దాన్ని ఇగ్నోర్ అని మాత్రం పెట్టకండి, నిజంగా ఫ్యాను ఆగిన రోజు మీకు చెప్పేవాళ్లుండరు. కూలర్ ఏదో, హార్డ్‌వేర్ మానిటర్‌లో ఆర్‌పీఎం ఎంతో రాయండి.